ఎర్రెద్దు మాట

మా అత్త బాగా ఏడుస్తుంది. కోడలు అత్త గురించి ఇలా మొదలుపెడితే ఎత్తిపొడుపు అనుకుంటారు. కాదు. మా అత్త ఓబక్కకు దేవుడిచ్చిన విద్య అది. పావగడ తాలూకాలో సోలార్ పార్కు కంచెను ఆనుకుని ఉన్న మా పల్లెలో ఎవరు పోయినా ముందు ఆమెకే కబురు వస్తుంది. మా పల్లె ఒకటే కాదు, అటు నిడుగల్లు కొండ కింది ఊళ్ళ నుంచి, ఇటు మంగళవాడ నుంచి కూడా ఆటో పంపి పిలిపించుకుంటారు. ఆమె వెళ్ళి శవం తల దగ్గర కూర్చుంటుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏమీ అనదు. తర్వాత రాగం ఎత్తుకుంటుంది. పోయిన మనిషి బతుకంతా ఆ రాగంలో వస్తుంది. ఏ కరువులో గొర్రెలను తోలుకుని ఎంత దూరం పోయాడో, ఏ కూతురి పెళ్ళిలో చిన్నపిల్లాడిలా నవ్వాడో, ఏ కొడుకు చివర్లో గంజినీళ్ళకు కూడా చూడలేదో, ఏదీ దాచదు. వింటుంటే ఎంత మొండివాడికైనా కళ్ళు తడుస్తాయి. ఇందుకు ఆమె ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. చెంబుడు మజ్జిగ ఇస్తే తాగి ఇంటికి వస్తుంది.

ఇందులో ఒక కట్టుబాటు ఉంది. శవం ముందు ఏడుపులో వచ్చిన మాటను, సమాధి చేసి వచ్చి తలస్నానం చేశాక ఎవరూ మళ్ళీ నోటికి తేకూడదు. కొడుకు గంజి పోయలేదని మా అత్త నలుగురి ముందు రాగం తీసి అన్నా సరే, ఆ కొడుకు కోపం పెట్టుకోకూడదు, ఊరివాళ్ళు అతన్ని దెప్పకూడదు. ఆ మాట పోయినవాడికి చెప్పింది, అతనితోనే మట్టిలోకి పోవాలి. మా అత్త కూడా ఇంటికి వచ్చాక తాను ఏమని ఏడ్చిందో చెప్పదు. నేను ఆరా తీస్తే, "ఆడిది ఆడనే అయిపాయ, నీకేటికి" అంటుంది. ఈ కట్టుబాటు తప్పినవాళ్ళను నేను ఈ మధ్య దాకా చూడలేదు.

నాకు మాత్రం ఏడవడం చేతకాదు. నాకు వచ్చింది తిట్టడం. పార్కులో ప్యానెళ్ళు కడిగే ఆడవాళ్ళ గుంపుకు నేను మేస్త్రిని. మా ఆయన హనుమేశ్ ఆ కడిగే నీళ్ళను ట్యాంకరులో తోలుతాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి, ఇద్దరిదీ కలిపి దేవుడు నాకే ఇచ్చాడు. వినుత నోట్లో పడొద్దని ఊరంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ. అందరూ మంచివాళ్ళయి కూర్చుంటే అడగాల్సిన మాట ఎవరు అడుగుతారు?

మా మామ శ్రీరామప్పకు మా అత్త ఏడుపంటే ఎక్కడలేని గర్వం. మా వేరుశనగ చేను పార్కుకు లీజుకు పోయాక ఆయనకు పని లేకుండా పోయింది, పైగా దమ్ము జబ్బు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని పెళ్ళాన్ని ఆటపట్టించడమే ఆయనకు మిగిలిన వ్యవసాయం.

"ఊర్లో అందరికీ ఏడుస్తావు. నాకెట్ల ఏడుస్తావో నేను ఇనేది లేదా? ఒగసారి శాంపిలు ఇనిపియ్యే" అనేవాడు.

"బతికుండే మనిషికి ఏడిస్తే అరిష్టం. నోరు మూసుకోని పండుకో."

"సరే, పోయినాకనే ఏడువు. ఎర్రెద్దు మాట మాత్రం మరిచిపోవద్దు."

ఎర్రెద్దు సంగతి మా ఇంట్లో గోడలకు కూడా తెలుసు. వాళ్ళకు పెళ్ళయిన కొత్తలో పెద్ద కరువు వచ్చిందట. ఊరంతా ఎద్దులను కసాయివాళ్ళకు అమ్మేస్తుంటే మా మామ తన ఎర్రెద్దును అమ్మనన్నాడు. మేత లేదు. తాము కాపురముండే కొట్టం మీద కప్పిన బోదగడ్డిని కట్ట కట్టగా పెరికి దానికి వేశాడు. పై కప్పంతా అయిపోయింది. కొత్త పెళ్ళికూతురు ఓబక్క నాలుగు గోడల మధ్య ఆకాశం కింద పడుకుంది. ఆమె తిట్టిన తిట్లు తిట్టకుండా తిట్టింది, ఆయన గడ్డి పెరుకుతూనే ఉన్నాడు. ఎద్దు బతికింది. వాన పడ్డాక ఊళ్ళో మొదటి సాలు దున్నింది అదే. ఆయన జీవితంలో చేసిన గొప్ప పని అదొక్కటేనని ఆయన నమ్మకం.

"ఎర్రెద్దు మాట రాకపోతే పాడె మీదనుంచి లేసి కూసుంటా, చూడు" అన్నాడు ఒకసారి, దగ్గు మధ్యలో.

మా అత్త నవ్వింది. తర్వాత ఆయన ముఖం చూసి నవ్వు ఆపింది. దగ్గరికి వెళ్ళి ఆయన చేతిలో చెయ్యి వేసింది. "ఏడుస్తాలేప్పా. నిడుగల్లు కొండకు ఇనపడేటట్ల ఏడుస్తా. ఎర్రెద్దు మాట చెప్తా" అంది. నేను వాకిట్లో అంట్లు తోముతూ ఈ మాట విన్నాను, అందుకే చెబుతున్నాను. ఆ ముసలాయన ఆ మాట పట్టుకునే చావుకు భయపడకుండా కూర్చున్నాడు.

మా వీధి చివర గంగాధరప్ప అని పెద్దాయన ఉండేవాడు. రోజూ పొద్దున్నే గొర్రెలను తోలుకుపోతూ మా వాకిట్లో ఆగి, మా అత్త ఇచ్చిన టీ తాగి పోయేవాడు. మా వైపు ముసలివాళ్ళు టీని టీనీళ్ళు అంటారు. ఆయన పోయిన రోజు కూడా మా అత్త టీ పెట్టి గ్లాసు గట్టు మీద ఉంచింది. గొర్రెలు రాలేదు, కబురు వచ్చింది. అందుకే ఆ రోజు ఆమె ఏడుపులో ఆ మాట దొర్లింది.

"లెయ్యప్పా గంగాధరప్పా, టీనీళ్ళు సల్లారిపాయ. గొర్రెలు అరుస్తాండాయి, టీనీళ్ళు సల్లారిపాయ."

ఆ మాటకు అక్కడున్న వాళ్ళంతా కరిగిపోయారు. నేను కూడా ముక్కు చీదుకున్నానంటే మీరే అర్థం చేసుకోండి. గంగాధరప్ప మనవడు నందీశ్ గోడకు ఆనుకుని ఫోను పట్టుకుని నిలబడ్డాడు. వాడు డిప్లొమా చదివి పార్కులోనే టెక్నీషియన్‌గా చేరినవాడు, పెళ్ళీడుకు వచ్చినవాడు, పాలు తాగే పిల్లవాడు కాదు. తాత జ్ఞాపకంగా దాచుకోవడానికి తీస్తున్నాడనుకున్నాను.

గంగాధరప్ప కర్మలు కూడా కాలేదు. పార్కులో మేం ప్యానెళ్ళ నీడన కూర్చుని సద్ది విప్పుకుంటుంటే పక్క గుంపులో ఎవరి ఫోనులోనో డీజే మోత. ఆ మోత నడుమ మా అత్త గొంతు. "లె లె లెయ్యప్పా" అని మాటను ముక్కలు ముక్కలు చేసి, "టీనీళ్ళు" దగ్గర డప్పు, "సల్లారిపాయ" దగ్గర ఈల. తెర మీద మా అత్త ముఖం, కళ్ళు మూసుకుని, నోరు తెరుచుకుని, పళ్ళు ఊడిన చిగుళ్ళు కనిపిస్తూ. ఆమె నెత్తి మీద బొమ్మ టీకప్పు ఒకటి గిరగిర తిరుగుతోంది. కింద శవం కనబడకుండా గులాబీ పువ్వులు అంటించాడు ఆ మహానుభావుడు. చావని తెలిస్తే నవ్వరని వాడికి తెలుసన్నమాట.

సద్ది పక్కన పెట్టి లేచాను. ఆ ఫోను లాక్కుని చూస్తే నందీశ్ పేజీ పేరు ఉంది, కింద వేలకు వేల మంది నవ్వే ముఖాలు పెట్టారు. "ఈ అవ్వకు అవార్డు ఇవ్వండి" అని ఒకడు. "దీని నోట్లో టీ పొయ్యండ్రా" అని ఒకడు. "డబ్బులిస్తే మా మేనేజరు కోసం కూడా ఏడుస్తుందా" అని ఇంకొకడు. ఎవరు వీళ్ళంతా? మా అత్త వీళ్ళకు ఏం చేసింది? ఒక్కరైనా ఆమె ఎవరి కోసం ఏడుస్తోందని అడిగారా? లేదు. నేను చదువుకున్నది తక్కువే, అయినా చదవడం వచ్చినందుకు ఆ రోజు ఏడుపొచ్చింది.

అది ఆగలేదు. వై.ఎన్.హొసకోట బజారులో హోటలు కుర్రాళ్ళు టీ ఇస్తూ ఆ మాటే అనడం మొదలుపెట్టారు. పావగడ బస్సులో ఎవడి ఫోనో మోగితే మా అత్త గొంతు. పార్కులో ఎవరైనా కునుకు తీస్తే సూపర్‌వైజర్ "లెయ్యప్పా గంగాధరప్పా" అని లేపుతాడు, అందరూ పడీ పడీ నవ్వుతారు. దాని మీద జనం గంతులు వేసి కొత్త వీడియోలు పెడుతున్నారని మా గుంపులో అమ్మాయిలు చెప్పారు. నేను అవేవీ చూడలేదు. చూస్తే ఫోను నేలకేసి కొడతానని నాకే భయం. మా ఇంట్లో మాత్రం ఆ శబ్దం రాకూడదని గట్టిగా చెప్పాను. మా అత్తకు బటన్ల ఫోను, అందులో బొమ్మలు రావు. ఆమెకు తెలియకుండానే ఇది చల్లబడుతుందని మా ఆయన అన్నాడు.

"పోనీలే వినుతా, జనం నాల్గు దినాలకు మరిచిపోతారు" అన్నాడు.

"వాళ్ళు మరిచిపోతారు. మీయమ్మ మరిచిపోతాదా?" అన్నాను.

నందీశ్‌ను పార్కు గేటు దగ్గర పట్టుకున్నాను. మా గుంపు ఆడవాళ్ళంతా నా వెనకే ఉన్నారు.

"ఏందప్పా నందీశా, మీ తాత పాడె మీదుంటే నీకు డీజే కావాల్సి వచ్చినాదా?"

"అక్కా, నేనేమన్నా తిట్టినానా? ఓబవ్వ ఎవరికీ తెలీకుండా ఉండె. ఇప్పుడు బెంగళూరులో కూడా గుర్తు పడతారు. ఫేమస్ అయినాది కదక్కా."

"నీ ఫేమసు నువ్వే పెట్టుకో. మీ తాత దగ్గర ఏడ్చిన మాట బయటికి తెస్తారా ఎవరన్నా? మీయమ్మ నీకు నేర్పలేదా?"

"అది పాతకాలం అక్కా. ఇది జస్ట్ ఫన్" అన్నాడు, చేతిలో ఫోను చూసుకుంటూ. నేను మాట్లాడుతున్నంతసేపూ వాడి వేలు తెర మీద కదులుతూనే ఉంది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఏమేం తిట్టానో ఇక్కడ రాయను. వాడు తీసేస్తానని అనలేదు, తీసెయ్యనని కూడా అనలేదు. నేను స్టేషనుకు వెళ్ళి ఫిర్యాదు రాసి ఇచ్చాను. వాళ్ళు పిలిచి మందలిస్తే వాడు తన పేజీ నుంచి తీసేశాడు. అప్పటికి అది ఎవరెవరి ఫోనుల్లోనో గూడు కట్టుకుంది. పారబోసిన నీళ్ళను మళ్ళీ బిందెలోకి ఎత్తమంటే ఎవరు మాత్రం ఎత్తగలరు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మంగళవాడలో వెంకటక్క పోయింది. ఆమె మా అత్తకు చిన్ననాటి జతగత్తె, ఇద్దరూ ఒకే చేలో కలుపు తీసి పెరిగారు. మా అత్త ఎవరూ పిలవకముందే బయలుదేరింది. నాకు మనసు కీడు శంకించి నేను కూడా వెళ్ళాను.

మా అత్త శవం తల దగ్గర కూర్చుంది. కొంగు నోటికి పెట్టుకుంది. ఇంకా రాగం ఎత్తుకోనేలేదు, చుట్టూ చేతులు లేచాయి. చేతి నిండా ఫోనులు. ఎవరో కుర్చీ ఎక్కారు. ఒకడు అందరికీ వినబడేలా, "అవ్వా, ఆ టీ మాట చెప్పవ్వా, ఒకేసారి" అన్నాడు. వెనక కిసకిసలు.

మా అత్తకు ముందు అర్థం కాలేదు. ముఖం పైకెత్తి చూసింది. సెల్ఫీ కోసం పక్కన వంగిన పిల్ల ఫోనులో ఆమె ముఖం ఆమెకే కనిపించింది. ఆ పిల్ల సంతోషంగా, ఇదిగో నువ్వే అన్నట్టు, పాత వీడియో తీసి ఆమెకు చూపించింది. చెడ్డ బుద్ధితో కాదు, మెచ్చుకోలుగానే చూపించింది. మా అత్త దాన్ని చివరిదాకా చూసింది. డప్పు విన్నది, ఈల విన్నది, నెత్తి మీద తిరిగే కప్పు చూసింది. తర్వాత లేచి వెంకటక్క పాదాలు కళ్ళకద్దుకుని బయటికి వచ్చేసింది. ఆమె వెనక నేను ఎంతమందిని ఎన్ని మాటలన్నానో లెక్కలేదు, ఒక్కటీ ఆమె చెవికి ఎక్కలేదు.

ఇంటికి వచ్చాక మా అత్త మామ మంచం పక్కన కింద కూర్చుంది.

"నాకు అంత వికారంగా ఉంటాదా ముఖం, ఏడిస్తే?" అంది.

"ఎవరన్నారే ఆ మాట?" అన్నాడు మామ.

"ఎవరూ అనలే. నేనే చూస్తి." కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంగ నేను యాడికీ పోను. ఎవరికీ ఏడ్వను" అంది.

మామ కంచె వైపు తిరిగాడు. కంచె లోపల ఒకప్పటి మా చేను ఇప్పుడు నల్లటి ప్యానెళ్ళ వరసలుగా మెరుస్తోంది. తర్వాత మెల్లగా, "నాకు?" అన్నాడు.

మా అత్త లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఆయన అడిగింది పెద్ద కోరిక కాదు. మందులు అడగలేదు, పట్నం ఆసుపత్రి అడగలేదు. తాను బతికానని ఆమె నోటితో ఒకసారి చెప్పమన్నాడు, అంతే.

ఆ వానాకాలం ముందు రోజుల్లో నందీశ్ ఒక సాయంత్రం మా వాకిట్లోకి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. వాడికి హిరియూరు వైపు ఒక సంబంధం చూశారట. పెద్దల పేర్లు చెప్పుకునే దగ్గర, తాత పేరు గంగాధరప్ప అనగానే ఆడపిల్ల వైపు కుర్రాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారట. పెళ్ళికూతురు కూడా కొంగు అడ్డం పెట్టుకుందట. వాడి తల్లి ఏడుస్తూ ఇంటికి వచ్చింది. మామగారి పేరు ఊరూరా నవ్వులపాలు చేసింది కన్నకొడుకేనని ఆమెకు అప్పటికి గానీ ఎక్కలేదు.

"తప్పయిపాయ అవ్వా" అన్నాడు వాడు, నేల చూస్తూ.

నేను రెండు తిట్లు అందుకుందామని నోరు తెరిచాను. మా అత్త చేత్తో ఆగమంది. లోపలికి వెళ్ళి టీ పెట్టి తెచ్చి వాడి ముందు పెట్టింది. వాడు గ్లాసు ముట్టుకోకుండా కూర్చున్నాడు. "తాగప్పా, స..." అని మా అత్త సగంలో ఆగిపోయింది. చల్లారిపోతుంది అన్న మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది. ఇంటికి వచ్చినవాడికి టీ ఇచ్చి అనే మామూలు మాట. అది కూడా ఆమెది కాకుండా పోయింది. ఆ రోజు వాడు ఆ టీ తాగుతూ తలెత్తలేదు.

వాడు వెళ్ళాక మామ పిలిచాడు. "పిల్లోడు తప్పొప్పుకున్నాడు కదే. ఇప్పుడన్నా చెప్పు. నా మాట ఏమైతాది?"

మా అత్త ఆయన కాళ్ళకు దుప్పటి సర్దింది. "ఏడుస్తాలేప్పా. మాట ఇచ్చినా కదా. ఎవరు నవ్వినా ఏడుస్తా" అంది.

"ఎర్రెద్దు?"

"దాంతోనే ఎత్తుకుంటా."

ఆ రాత్రి ఆయన దగ్గు లేకుండా నిద్రపోయాడు. ఆ రోజుల్లోనే నా కూతురు ధనుశ్రీ స్కూల్ వ్యాను దిగి ఇంట్లోకి వస్తూ ఏదో కొత్త ఆట ఆడుతుండేది. దానికి ఐదేళ్ళు. హొసకోటలో ఎల్కేజీ. గుండె మీద రెండు చేతులతో రెండు దెబ్బలు కొట్టుకుని, చెయ్యి కప్పులాగా ముందుకు చాచి, గిర్రున ఒక తిరుగుడు తిరిగేది. "ఏందే అది?" అంటే "వ్యానులో అక్కావాళ్ళు నేర్పించినారు, డ్యాన్సు" అనేది. స్కూలు వార్షికోత్సవానికి కాబోలనుకున్నాను. మా మామ మంచం మీద నుంచి చప్పట్లు కొట్టేవాడు.

శ్రావణం ఇంకా రాలేదు. ఒక పొద్దున మామ టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు అలాగే పోయాడు. గ్లాసు ఖాళీ చేసే పోయాడు, ఆ మాత్రం మేలు చేశాడు.

చావుకు చుట్టాలు వస్తారు, ఊరివాళ్ళు వస్తారు. మా ఇంటికి ముఖం తెలియనివాళ్ళు కూడా వచ్చారు. టీనీళ్ళవ్వ మొగుడు పోయాడని కబురు పాకింది. బండ్ల మీద ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు. నేను అది చూశాను. చనిపోయింది మా మామ, ఏడవాల్సింది నేను కూడా, కానీ నాకు వచ్చిన విద్య నేను చెయ్యాలి కదా. వేరుశనగ కాయలు పోసే పెద్ద గంప తెచ్చి వాకిలి దగ్గర పెట్టి, దాని పక్కన నిలబడ్డాను.

"ఫోను గంపలో ఎయ్యి, లోపలికి పో. ఎయ్యకపోతే ఈడ్నుంచే దండం పెట్టుకోని ఇంటికి పో."

అందరికంటే ముందు నందీశ్ వచ్చి తన ఫోను ఆపి గంపలో వేశాడు. వేసి నా పక్కనే నిలబడ్డాడు. బెంగళూరు నుంచి వచ్చిన మా ఆయన పినతండ్రి కొడుకు, ఆఫీసు కాల్ వస్తుందని గొణిగాడు. "మీ ఆఫీసుకు మీ పెద్దనాయన పోయినాడని చెప్పు" అన్నాను. వేశాడు. తెలియని కుర్రాళ్ళు ముఖాలు చూసుకుని, కొందరు వేశారు, కొందరు బండ్లు తిప్పుకుని పోయారు. పోతే పోయారు, పీడ విరగడైంది. గంప నిండింది. దాని మీద తడి గోనెసంచి కప్పాను. వాకిట్లో ఇక ఒక్క ఫోను లేదు. ఇప్పుడు ఏడువు అత్తా, ఎవరూ నిన్ను నవ్వరు, అని మనసులో అనుకున్నాను.

మా అత్త మామ తల దగ్గర కూర్చుంది. కొంగు నోటికి పెట్టుకుంది. తప్పెటలవాళ్ళు వాయించడం ఆపి చేతులు కట్టుకున్నారు. చాలాకాలం తర్వాత ఆమె ఏడుపు వినబోతున్నామని అందరికీ తెలుసు. ఆమె కళ్ళు మూసుకుంది, కొంగు తీసింది.

"ఓ శ్రీరామప్పా, బోద కొట్టం పెరికితివి కదప్పా, ఆకాశం కింద పండబెడితివి కదప్పా..."

అదే గొంతు. ఎక్కడా తగ్గలేదు. మా ఆయన తల పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. తర్వాతి మాట ఎర్రెద్దు. నాకు తెలుసు, ఆమె ఊపిరి పీల్చుకుంటోంది దానికోసమే.

అప్పుడు జనం కాళ్ళ మధ్య నుంచి ధనుశ్రీ ముందుకు వచ్చింది. అవ్వ గొంతు వినగానే దాని ముఖం వెలిగిపోయింది. శవం ముందు ఖాళీగా ఉన్న చోటులో నిలబడి, గుండె మీద రెండు దెబ్బలు కొట్టుకుంది. చెయ్యి కప్పులాగా చాచింది. గిర్రున తిరిగింది. నోటితో "డుంటక డుంటక" అని తాళం వేసుకుంటూ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. అవ్వ పాడుతోంది, తాను ఆడాలి. ఆ పిల్లకు తెలిసింది అంతే. ఊరూరా జనం వేసిన గంతులు అవేనని నాకు అప్పుడు తెలిసింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టేదాన్ని, అదీ లేదు. నేను ఒక్క అంగలో వెళ్ళి బిడ్డ మీద చెయ్యెత్తాను. మా అత్త కూర్చున్న చోటు నుంచే నా మణికట్టు పట్టుకుంది.

"కొట్టొద్దు. దానికేం తెలుసు."

పిల్ల ఆట ఆపి బిక్కముఖం వేసింది. మా అత్త దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. దాని రెండు పాదాలను తన చేతుల్లో మూసి పట్టుకుంది. అందరం ఎదురుచూశాం. ఆమె పెదవులు ఒకసారి కదిలాయి. ఒళ్ళో పిల్ల పాదాలు కూడా కదిలాయి. ఆమె పెదవులు మూసుకుంది. ఇక తెరవలేదు.

ఎండ ఎక్కుతోందని పెద్దమనుషులు లేచారు. "ఎత్తండప్పా" అన్నారెవరో. మా మామను ఏడుపు లేకుండానే ఎత్తారు. నందీశ్ పాడె ఒక కొస పట్టాడు, వాడి చెంపలు తడిసి ఉన్నాయి. మా చేను కంచె లోపలికి పోయినా మూలన పెద్దల సమాధులున్న జాగా కంచె బయటే మిగిలింది. అక్కడ పూడ్చారు. ఎర్రెద్దు మాట ఎవరూ చెప్పలేదు. నాకు కథ తెలుసు, అక్షరం పొల్లుపోకుండా తెలుసు, అయినా నా గొంతుకు రాగం రాదు. ముసలాయన లేచి కూర్చుంటానన్నాడు గాని, లేవలేదు.

గంపలో ఫోనులు ఎవరివి వాళ్ళు తీసుకుని పోయారు. సాయంత్రానికి ఇల్లు ఖాళీ అయింది. మామను పడుకోబెట్టిన చోట దీపం పెట్టి మా అత్త దాని ముందు కూర్చుంది. ధనుశ్రీ పొద్దుటి నుంచి ఎవరి దగ్గరికీ పోకుండా మూలన ఉంది. మెల్లగా వచ్చి అవ్వ భుజానికి ఆనుకుంది.

"అవ్వా, పాట ఎందుకు నిలిపేసినావు? నేను సరిగా ఆడలేదా?"

మా అత్త దాని తల నిమిరింది.

"బాగా ఆడినావు తల్లీ. నాకే రాగం మరిసిపాయ" అంది.

తర్వాత దీపంలో నూనె పోసి, పిల్లకు అన్నం పెట్టమని నన్ను పిలిచింది.